పేషెంట్ల పట్టిక మారింది, నెట్‌వర్క్ పాతదే ఉంది. ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: నేను శ్రీకాకుళం జిల్లాలో పీహెచ్‌డీ చేస్తున్నాను. మాది టెక్కలి దగ్గర పల్లె. ఉద్దానం కిడ్నీ జబ్బు మీద మా పని. నాలుగు వందల మందికి పైగా పేషెంట్ల వివరాలు మూడు పట్టికల్లో ఉన్నాయి: ఆసుపత్రి రికార్డులు, ల్యాబ్ పరీక్షలు, ఇంటింటి సర్వే. ఒక్కో పట్టిక నుంచి ఎవరికి ఎవరు పోలి ఉన్నారో చెప్పే నెట్‌వర్క్ కట్టి, మూడింటినీ కలిపి, పేషెంట్లను నాలుగు గుంపులు చేశాను. గైడ్ సార్‌కి చూపించాను, డిపార్ట్‌మెంట్‌లో ప్రజెంటేషన్ కూడా అయిపోయింది. తర్వాత ఆసుపత్రి వాళ్ళు సరిచేసిన రిజిస్టర్ పంపారు. 11 మంది రెండేసి సార్లు పడ్డారట. పట్టికలో ఆ వరుసలు తీసేశాను. మొదటి నుంచి చేసే టైం లేక, కలిపిన నెట్‌వర్క్‌లోంచి కూడా ఆ 11 వరుసలూ తీసి సర్దాను. పోయిన వారం, జబ్బు ముదిరిన గుంపులోని వాళ్ళను మళ్ళీ పరీక్షకు పిలవమని ఆశా కార్యకర్తకు జాబితా ఇచ్చాం. అందులో ఒకాయన క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూపే రక్త పరీక్ష) 0.9, అంటే మామూలుగానే ఉంది. కొబ్బరితోటలో పని చేసుకుంటున్నాడు. "నాకేమయిపోయిందమ్మా" అని ఫోన్లో ఏడ్చాడు. అప్పటి నుంచి మొత్తం తప్పేమోనని టెన్షన్. నిద్ర పట్టడం లేదు. రికార్డులూ నెట్‌వర్కులూ తేడా రాకుండా ఎలా ఉంచుకోవాలి? సార్‌కి ఇప్పుడే చెప్పాలా, సరిచేసుకున్నాక చెప్పాలా?
— ఒక పరిశోధక విద్యార్థిని

సమాధానం:

అమ్మా, మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. అది ఆగేది కాదు. సార్‌కి ఈ రోజే చెప్పండి.

కాగితం మీద తప్పయితే నాలుగు రోజులు ఆగినా నష్టం లేదు. మీ జాబితా ఊళ్ళోకి వెళ్ళిపోయింది. జబ్బు లేని మనిషి ఒకరు ఆ జాబితాలోకి వచ్చారంటే, జబ్బు ముదిరిన మనిషి ఒకరు అందులోంచి జారిపోయి ఉండవచ్చు. లోపలికి వచ్చినాయన ఫోన్ చేశాడు కాబట్టి మీకు తెలిసింది. జారిపోయినాయన ఫోన్ చేయడు. తనను పిలవాల్సి ఉందన్న సంగతే అతనికి తెలియదు. మీకు నిద్ర పట్టకపోవాల్సింది ఆ రెండో మనిషి గురించి.

కాబట్టి జాబితా వెనక్కి తీసుకోండి. పరీక్షకు పిలవాల్సిన వాళ్ళను ఎంచడానికి ఇప్పటికి నెట్‌వర్క్ అక్కర్లేదు. ల్యాబ్ పట్టికలో క్రియాటినిన్, ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ రక్తాన్ని ఎంత వడకడుతోందో చెప్పే అంకె) చూసి డాక్టరు గారు నేరుగా ఎంచగలరు. ఆ కొబ్బరితోట ఆయనతో కూడా డాక్టరు గారి చేతే మాట్లాడించండి. "మీకేం లేదు" అని మీరు చెప్పవద్దు. కండ పట్టు లేని సన్నటి మనిషిలో క్రియాటినిన్ తక్కువగానే కనబడుతుంది, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పోతోందా అని కూడా చూడాలి. ఒక్క 0.9తో తేల్చే విషయం కాదు.

ఇక అసలు పనికి వద్దాం. మీ దగ్గర రెండు తప్పులు కలిసిపోయి ఉన్నాయని నా అనుమానం. రెంటికీ మందు ఒకటి కాదు, అందుకే విడివిడిగా చెబుతాను.

మొదటిది, వరుసలు జరిగిపోవడం. పట్టికలో ప్రతి వరుసకూ పేషెంటు నంబరు ఉంటుంది. దాన్ని నెట్‌వర్క్‌గా మార్చగానే మిగిలేది ఒక పెద్ద చదరం, అడ్డంగా నాలుగు వందలు, నిలువుగా నాలుగు వందలు అంకెలు. 37వ వరుసలో, 112వ నిలువులో 0.004 అని ఉంటే, 37వ మనిషికీ 112వ మనిషికీ ఉన్న పోలిక అది. ఆ 37వ మనిషి ఎవరన్నది చదరానికి తెలియదు. పేర్లు వెంట పెట్టుకుని నడిచే టూల్స్ ఉన్నాయి, మధ్యలో వదిలేసేవీ ఉన్నాయి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో పాండాస్ పట్టికకు వరుస పేర్లు ఉంటాయి, దాన్నే నంపై మాత్రికగా మార్చిన క్షణం పేర్లు పోతాయి. గుంపులు విడదీసే ఫంక్షన్లు చాలావరకు 2, 1, 1, 4, 3 అని ఉత్త అంకెల దండ ఇస్తాయి. ఆ దండలో మొదటి అంకె ఎవరిది అంటే, "పట్టికలో మొదట ఉన్నవారిది" అన్న నమ్మకం తప్ప వేరే ఆధారం లేదు.

ఇప్పుడు మీరు ఆ 11 వరుసలూ ఎలా తీశారో గుర్తు చేసుకోండి. ఒక్కొక్కటిగా, పాత వరుస సంఖ్యలు చూసి తీశారా? మొదటిది తీసిన వెంటనే దాని కింద ఉన్నవన్నీ ఒక మెట్టు పైకి జరుగుతాయి. రెండోదాన్ని పాత సంఖ్యతో తీస్తే, తీయాల్సినవాడు ఉండిపోయి పక్కవాడు పోతాడు. మూడోదానికి తేడా రెండు మెట్లు. చివరికి 11 పోవాల్సిన చోట 11 పోయాయి, మొత్తం లెక్క సరిపోయింది, ఏ ఎర్రరూ రాలేదు. లోపల మాత్రం ఒకరి గుంపు ఇంకొకరి పేరు మీద కూర్చుంది. లేదంటే, ఆసుపత్రి వాళ్ళు పంపిన కొత్త రిజిస్టర్ పేర్ల అక్షరక్రమంలో ఉండి, మీ పాతది చేరిన తేదీల క్రమంలో ఉండి ఉండవచ్చు.

ఇందులో ఏది జరిగిందో కనిపెట్టడం కష్టం కాదు. పాత ఫలితం, కొత్త ఫలితం పక్కపక్కన పెట్టుకుని పై నుంచి చూస్తూ రండి. రెండో నకలు వచ్చేవరకు అందరూ సరిపోయి, అక్కడ ఒకరు, మూడో నకలు దగ్గర ఇద్దరు, ఇలా ప్రతి నకలు దగ్గరా కొందరు ఒక మెట్టు జరిగి, ఆ తర్వాత మళ్ళీ సరిపోతూ ఉంటే తప్పు దొరికినట్టే. మొదటి నుంచే చిందరవందరగా ఉంటే క్రమం మారిందని అర్థం.

ఇది మీ ఒక్కరికే జరిగిందనుకోకండి. ఫలానా క్యాన్సర్ మందు ఎవరికి పని చేస్తుందో జన్యువులను చూసి చెప్పవచ్చని అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ నుంచి 2006లో ఒక పేరున్న పరిశోధన వచ్చింది. కీత్ బ్యాగర్లీ, కెవిన్ కూంబ్స్ అనే ఇద్దరు గణాంక నిపుణులు ఆ లెక్కలు మళ్ళీ చేసి చూస్తే జన్యువుల జాబితా ఒక్క వరుస జరిగి ఉంది. కొన్ని చోట్ల మందుకు లొంగేవి, లొంగనివి అన్న లేబుల్స్ కూడా తారుమారయ్యాయి. వాళ్ళు 2009లో ఇదంతా అచ్చువేశారు. ఆ లెక్కల మీద ఆధారపడి నిజం పేషెంట్ల మీద నడుస్తున్న ట్రయల్స్‌ను తర్వాత ఆపేశారు, 2011లో ఆ పరిశోధనా పత్రాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ ఉదంతంలో ఇంకా చాలా తప్పులున్నాయి. కానీ ఒక్క వరుస జరగడం ఎంత దూరం పోగలదో చెప్పడానికి నా విద్యార్థులకు ఎప్పుడూ ఇదే చెబుతాను.

రెండో తప్పు ఇంతకంటే లోతైనది. వరుసలు మీరు సరిగ్గానే తీశారనుకుందాం. అప్పుడు కూడా ఆ నెట్‌వర్క్ చెల్లదు.

మన ఇళ్ళలో వావివరుసలు చూడండి. ఒక పెళ్ళి జరిగితే పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు ఇద్దరే మారరు. నిన్నటిదాకా వరసకు అన్న అయినవాడు బావ అవుతాడు, పిన్ని వదినగారి చుట్టం అవుతుంది. రేపు ఆ సంబంధం లేదనుకోవాలంటే పెళ్ళికూతురి పేరు ఒక్కటి కొట్టేస్తే సరిపోదు. మిగతావాళ్ళ మధ్య వరసలన్నీ మొదటి నుంచి చూసుకోవాలి. పోలిక నెట్‌వర్క్ కూడా అంతే. అది విడివిడి మనుషుల వివరాల జాబితా కాదు. అందరినీ కలిపి చూసి చేసిన తీర్పు.

మీరు వాడింది 2014లో నేచర్ మెథడ్స్ పత్రికలో బో వాంగ్ బృందం ప్రకటించిన పద్ధతే అనుకుంటున్నాను, దాని పేరు సిమిలారిటీ నెట్‌వర్క్ ఫ్యూజన్, అందరూ ఎస్‌ఎన్‌ఎఫ్ అంటారు. అందులో ప్రతి పేషెంటూ తనకు బాగా దగ్గరగా ఉన్న కొందరినే ఎంచుకుంటాడు, ఇరవై మంది అనుకోండి. ఒకాయన పేరు రెండుసార్లు పడితే, ఆయనకు అందరికంటే దగ్గరివాడు ఆయన నకలే. ఆయన్ను పోలినవాళ్ళ జాబితాల్లో కూడా ఆయనా ఆయన నకలూ రెండు స్థానాలు తీసుకుంటారు. ఇరవయ్యో స్థానంలో ఉండాల్సిన నిజమైన మనిషి బయటకు పోతాడు. తర్వాత మీరు నకలు తీసేస్తే పంతొమ్మిది మంది మిగులుతారు తప్ప, బయటకు పోయినవాడు తిరిగి రాడు. పైగా ఆ పద్ధతిలో దూరాన్ని పోలికగా మార్చే కొలబద్ద కూడా ఆ ఇరుగుపొరుగుల సగటు దూరం మీదే ఆధారపడుతుంది. నకలు దూరం దాదాపు సున్నా కాబట్టి కొలబద్దే కుంచించుకుపోతుంది. ఆ తర్వాత మూడు నెట్‌వర్కులూ పది ఇరవై దఫాలు ఒకదాని సమాచారం ఒకదానికి ఇచ్చిపుచ్చుకుంటాయి. పాలల్లో పంచదార కలిసిపోయాక గరిటెతో పంచదార తీయగలమా? తీసేసిన 11 మంది ప్రభావం మిగిలిన అందరి అంకెల్లోనూ ఉంది.

అందుకే నా మాట ఇదీ: పేషెంట్ల జాబితాలో ఒక్క పేరు మారినా, చేరినా, పోయినా, అంకెలను ఒక కొలమానానికి తేవడం దగ్గర నుంచి గుంపులు విడదీసేదాకా మొత్తం మళ్ళీ నడపాలి. నెట్‌వర్క్‌కు అతుకులు వేయకూడదు. నాలుగు వందల మందికి కంప్యూటర్ తీసుకునేది కొద్ది నిమిషాలే. మీకు టైం పట్టేది చేత్తో చేస్తున్న మధ్య పనుల వల్ల. వాటన్నిటినీ ఒకే స్క్రిప్టులో (కంప్యూటర్ వరసగా నడిపే ఆదేశాల ఫైలులో) రాసేసుకుంటే, రిజిస్టర్ పదిసార్లు మారినా భయపడక్కర్లేదు. ఎవరైనా "నా వివరాలు మీ స్టడీలో వద్దు" అని సమ్మతి వెనక్కి తీసుకున్నప్పుడు కూడా ఇదే చేయాలి. వరుస కొట్టేసి, తీసేశామని చెప్పడం వాళ్ళకు న్యాయం చేసినట్టు కాదు.

ఇప్పుడు పేర్ల సంగతి. మన ప్రాంతంలో పని చేసేవాళ్ళకు అసలు కష్టం ఇక్కడే ఉంది, పుస్తకాల్లో ఇది దొరకదు.

సింహాచలం అన్న పేరు తీసుకోండి. మన ఉత్తరాంధ్రలో అది మగవాళ్ళకూ ఉంటుంది, ఆడవాళ్ళకూ ఉంటుంది. పైడితల్లి పేరున్న మగవాళ్ళూ ఉన్నారు. పేరును బట్టి లింగం గడి నింపేసిన డేటా ఎంట్రీలు నేను చూశాను. ఈజీఎఫ్‌ఆర్ లెక్కలో స్త్రీ, పురుష తేడా ఉంటుంది కాబట్టి, ఆ ఒక్క గడి తప్పయితే కిడ్నీ స్థాయే మారిపోతుంది. ఇక అప్పలనాయుడు, అప్పారావు, అప్పలనర్సమ్మ ఒక్కో ఊళ్ళో ఎంతమంది! ఇంగ్లిషులో రాసేటప్పుడు పైడిరాజును ఒకచోట 'పి ఏ ఐ' అని, ఒకచోట 'పి వై' అని మొదలుపెడతారు. పెళ్ళయిన ఆడవాళ్ళకు ఒక ఆసుపత్రిలో పుట్టింటి ఇంటిపేరు, ఇంకో ఆసుపత్రిలో అత్తింటి ఇంటిపేరు. పుట్టిన తేదీ చూద్దామంటే, ఆధార్ తీసుకున్న రోజున తేదీ తెలియని పెద్దవాళ్ళలో చాలామందికి జనవరి 1 అని ఉంటుంది. పేరూ, పుట్టిన తేదీ కలిపి సరిపోల్చితే వేర్వేరు మనుషులు ఒకరైపోతారు, ఒకే మనిషి ఇద్దరవుతాడు.

చిరునామా కూడా నిలకడగా లేదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. రాజాం విజయనగరం జిల్లాలోకి వెళ్ళింది, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్ళింది. అదే ఇంట్లో ఉన్న అదే మనిషి రికార్డు అంతకుముందు శ్రీకాకుళం, ఆ తర్వాత విజయనగరం. జిల్లాను పోలికకు వాడితే ఆ మనిషి తనకు తానే దూరం అవుతాడు. ఊరికీ మండలానికీ ఒక స్థిరమైన కోడ్ పెట్టుకుని, జిల్లాను దాని నుంచి రాబట్టుకోండి.

పేషెంట్లు కూడా ఒకచోట ఉండరు. పలాసలో కిడ్నీ రీసెర్చ్ సెంటరు, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలయ్యాయి. అంతకుముందు కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వాళ్ళు పెద్ద వైద్యానికి శ్రీకాకుళమో, విశాఖ కేజీహెచ్‌కో పోయేవారు. ఇచ్ఛాపురం వైపు వాళ్ళకు బరంపురం దగ్గర. అంటే ఒకే మనిషికి మూడు ఊళ్ళలో మూడు ఓపీ నంబర్లు. మీ 11 నకళ్ళు ఇలాగే వచ్చి ఉంటాయి. ఇంకా ఉండే అవకాశం ఉంది, ఆసుపత్రి వాళ్ళు తమ రిజిస్టర్లో ఉన్నవాటినే కదా పట్టుకున్నది.

అందువల్ల స్టడీలో చేరిన రోజునే ప్రతి మనిషికీ మీ సొంత నంబరు ఒకటి ఇవ్వండి. ఒకసారి ఇచ్చిన నంబరు మారకూడదు, ఆ మనిషి స్టడీ నుంచి వెళ్ళిపోయినా ఇంకొకరికి ఇవ్వకూడదు. అందులో ఊరు, వయసు, జబ్బు స్థాయి లాంటివి ఇరికించకండి. అవి మారేవి. ముందు ఒక అక్షరం పెట్టి తర్వాత అంకెలు రాయండి, ఎందుకంటే ఉత్త అంకెలయితే ఎక్సెల్ 0417ను 417 చేసేస్తుంది. ఆధార్, ఆభా (ఆరోగ్య ఖాతా) నంబర్లను స్టడీ నంబరుగా అస్సలు వాడకండి. గోప్యత ఒక కారణం. ఇంకో కారణం కూడా ఉంది: అంత పొడుగు అంకెలను ఎక్సెల్ కుదించి చూపిస్తుంది, దాన్ని అలాగే సీఎస్‌వీగా సేవ్ చేస్తే చివరి అంకెలు పోయి వేర్వేరు మనుషులు ఒకే నంబరు కిందికి రావచ్చు. మీ నంబరు, ఆసుపత్రుల ఓపీ నంబర్లు, పేరు ఇవన్నీ ఒకచోట ఉండే పట్టిక ఒక్కటే ఉండాలి. అది తాళం వేసిన చోట, సార్ దగ్గర ఉండాలి. లెక్కలు చేసే కంప్యూటర్లో పేర్లే ఉండకూడదు. పేషెంట్లకు మనం ఇచ్చిన మాట అది.

ఆ నంబరు చివరి ఫలితం దాకా ప్రయాణం చేయాలి. మూడు పట్టికలనూ ఆ నంబరుతో కలపాలి, వరుస క్రమంతో ఎప్పుడూ కాదు. నెట్‌వర్క్ కట్టే ముందు మూడు పట్టికల్లో నంబర్లు అవే, అదే క్రమంలో ఉన్నాయా అని స్క్రిప్టే చూడాలి, లేకపోతే అక్కడే ఆగిపోవాలి. ఆగిపోవాలి అన్నాను, హెచ్చరిక చూపించి ముందుకు పోవడం కాదు. పేర్లు కలవకపోతే ఒక హెచ్చరిక వాక్యం చూపించి, పేర్లు లేని మాత్రిక చేతికిచ్చే టూల్స్ ఉన్నాయి. అర్ధరాత్రి పని చేసేటప్పుడు ఆ ఎర్ర వాక్యం ఎవరూ చదవరు. గుంపుల అంకెల దండ రాగానే, వేరే ఏ పనీ చేయక ముందే, పక్కన నంబర్లు అతికించి ఫైలుగా రాయండి. ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష వాడుతుంటే, దాని బయోకండక్టర్ అనే టూల్స్ సముదాయంలో మల్టీ అస్సే ఎక్స్‌పెరిమెంట్ అని ఒక ఏర్పాటు ఉంది. పేషెంట్ల పట్టిక, రకరకాల పరీక్షల పట్టికలు, ఎవరి నమూనా ఏదో చెప్పే పటం మూడూ ఒకే వస్తువులో ఉంటాయి. ఒక పేషెంటును తీస్తే అన్నిటిలోంచీ ఒకేసారి పోతాడు. నేర్చుకోవడానికి రెండు రోజులు పట్టినా నేర్చుకోండి.

నకళ్ళను పట్టుకోవడానికి నెట్‌వర్కే సాయం చేస్తుంది. అసాధారణంగా దగ్గరగా ఉన్న జంటలను పైకి తీయండి. ల్యాబ్ అంకెలు అచ్చు గుద్దినట్టు ఉంటే ఒకే మనిషి కావచ్చు. తొందరపడి తీసేయకండి, కేస్ షీట్ చూడండి. ఒకే ఇంట్లో తండ్రీ కొడుకులకు, అన్నదమ్ములకు ఒకే నీళ్ళు, ఒకే పని, ఒకే తిండి. వాళ్ళు నిజంగానే పోలి ఉంటారు. ఉద్దానంలో ఆ పోలికే మనకు కావలసిన సమాచారం కూడా. అలాగే ఒకే మనిషి రెండు విజిట్లు రెండు వరుసలుగా పడటం వేరు. కిడ్నీ జబ్బు దీర్ఘకాలికం అనడానికి తేడా మూడు నెలలకు పైగా నిలవాలి కాబట్టి మీ దగ్గర ఒక్కొక్కరికి రెండు మూడు విజిట్లు ఉండే ఉంటాయి. ఏ విజిట్‌ను తీసుకోవాలో ఒక నియమం ముందే రాసుకుని, అందరికీ అదే వాడండి. ఫలితం చూశాక నియమం మార్చకూడదు.

ల్యాబుల గురించి క్లుప్తంగా చెబుతాను. క్రియాటినిన్ ఒకచోట మిల్లీగ్రాముల్లో, ఒకచోట మైక్రోమోల్స్‌లో ఉంటే తేడా 88.4 రెట్లు, అది కంటికి కనబడుతుంది. కనబడనిది పరీక్ష పద్ధతిలో తేడా. జాఫే పద్ధతికీ ఎంజైమ్ పద్ధతికీ కొద్ది తేడా వస్తుంది, ఆ కొద్ది తేడాకే గుంపులు ల్యాబుల వారీగా చీలిపోగలవు. గుంపులు రాగానే నెట్‌వర్క్‌కు ల్యాబ్ పేరును బట్టి రంగులు వేసి చూడండి. ఒక గుంపంతా ఒకే రంగులో వస్తే, దొరికింది జబ్బు రకం కాదు, ల్యాబ్.

మూడు పట్టికల్లోనూ ఉన్నవాళ్ళనే ఉంచుకుని మిగతావాళ్ళను వదిలేశారా? ఉత్తరంలో రాయలేదు. ఎస్‌ఎన్‌ఎఫ్‌కు అందరూ అన్నిటిలో ఉండాలి కాబట్టి చాలామంది అలాగే చేస్తారు. కానీ సర్వే రోజున ఇంట్లో లేనివాళ్ళు ఎవరు? చెన్నైకో హైదరాబాద్‌కో పనికి వలస పోయినవాళ్ళు, వేటకు వెళ్ళిన మత్స్యకారులు. వాళ్ళందరూ ఒక్క దెబ్బకు లెక్కలోంచి పోతారు. కనీసం ఎంతమంది పోయారో, వాళ్ళ వయసు, వృత్తి ఏమిటో ఒక పట్టిక రాసి పెట్టుకోండి. కొన్ని పట్టికల్లో లేనివాళ్ళను కూడా కలుపుకుపోయే నెమో అనే పద్ధతి 2019లో వచ్చింది, సార్‌తో మాట్లాడి అది కూడా నడిపి చూడవచ్చు.

మళ్ళీ నడిపాక అది సరైనదని ఎలా నమ్మాలి? నేను వాడే పరీక్ష ఒకటి చెబుతాను. మూడు పట్టికల వరుసలనూ వేర్వేరుగా, పేకముక్కలు కలిపినట్టు కలిపేసి, అదే స్క్రిప్టు మళ్ళీ నడపండి. నంబరుతో కలిపే స్క్రిప్టయితే ప్రతి మనిషీ పాత సహచరులతోనే అదే గుంపులో ఉంటాడు. వరుస క్రమాన్ని నమ్ముకున్న స్క్రిప్టయితే గుంపులు చెల్లాచెదురవుతాయి. ఒక్క జాగ్రత్త: గుంపుల సంఖ్యలకు సొంత అర్థం లేదు. నిన్నటి 3వ గుంపు ఇవాళ 1వ గుంపుగా రావచ్చు. కాబట్టి సంఖ్యలు కాదు, ఎవరు ఎవరితో ఉన్నారన్నది పోల్చండి. దానికి అడ్జస్టెడ్ ర్యాండ్ ఇండెక్స్ అనే కొలత ఉంది, పూర్తిగా కలిస్తే 1 వస్తుంది. గుంపులు విడదీసే చోట యాదృచ్ఛికత ఉంటుంది కాబట్టి సీడ్ (ఆ యాదృచ్ఛిక అంకెలకు మొదలుగా ఇచ్చే సంఖ్య) కూడా స్థిరంగా పెట్టండి. అన్నట్టు, మీ జాబితాలో తప్పు కేవలం ఈ గుంపు సంఖ్య మారడం వల్ల కూడా వచ్చి ఉండవచ్చు, అది కూడా చూడండి.

ఇంకో పరీక్ష, ఒకే విషయం రెండు చోట్ల విడివిడిగా నమోదై ఉంటే వాటిని ఒకదానితో ఒకటి సరిచూడటం. 2016లో కెనడా పరిశోధకులు 70 జన్యు అధ్యయనాల డేటా తీసుకుని, రికార్డులో స్త్రీ, పురుషుడు అని రాసినదాన్ని నమూనాలోని జన్యువులతో పోల్చారు. 46 శాతం అధ్యయనాల్లో కనీసం ఒక నమూనా తేడాగా దొరికింది. పెద్ద పెద్ద చోట్లే అలా ఉంది. మీకు జన్యువులు అక్కర్లేదు. ల్యాబ్ ఫారంలో వయసు, లింగం ఉంటాయి, సర్వేలోనూ ఉంటాయి. రెండూ పక్కపక్కన పెట్టండి చాలు.

పాత రిజిస్టర్‌ను చెరిపేయకండి. తేదీ వేసి, మార్చడానికి వీల్లేకుండా పక్కన పెట్టండి. ప్రజెంటేషన్‌లో చూపించిన ఫలితం ఏ రిజిస్టర్ నుంచి వచ్చిందో, కొత్త ఫలితం దేని నుంచి వచ్చిందో రేపు ఎవరడిగినా చూపించగలగాలి.

ఇక సార్ దగ్గరకు వెళ్ళే మాట. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఆసుపత్రి లెక్కల్లో వయసుల నిలువు వరుస ఒక్కటే సెలెక్ట్ అయి ఉండగా సార్ట్ నొక్కాను. పేర్లు కదల్లేదు, వయసులు కదిలాయి. మూడు వారాలు ఎవరికీ చెప్పలేదు. ఆ మూడు వారాల్లో ఆ లెక్కల మీద ఇంకో ఇద్దరు తమ పని కట్టుకున్నారు. చివరికి చెప్పిన రోజున పెద్దాయన కోప్పడింది తప్పుకు కాదు, ఆ మూడు వారాలకు. ఇప్పటికీ అది గుర్తొస్తే బాధగా ఉంటుంది.

మీరు వెళ్ళి సంజాయిషీ ఇచ్చుకోవద్దు. ఈ నాలుగు విషయాలు తేదీలతో ఒక కాగితం మీద రాసి తీసుకెళ్ళండి: ఏ రోజు ఏ రిజిస్టర్ వచ్చింది, నేనేం చేశాను, అది ఎందుకు తప్పు, జాబితాలో ఉన్న ఎవరెవరికి ఏం చెప్పాలి. డిపార్ట్‌మెంట్‌లో చూపించిన స్లైడ్ల మీద "ఈ గుంపులు వాడవద్దు" అని సార్ చేతే ఒక మెయిల్ పెట్టించండి. ఉద్దానంలో ఈ జబ్బు ఎందుకు వస్తోందో ఇన్నేళ్ళయినా తేలలేదు. నీళ్ళన్నారు, మట్టన్నారు, పురుగుమందులన్నారు, నొప్పి మాత్రలన్నారు, ఎండలో ఒళ్ళు ఎండిపోయే పని అన్నారు. ఇలాంటి చోట ఒక తప్పుడు గుంపు కాగితం మీద నిలబడిపోతే, దాని వెంట ఇంకో పదేళ్ళు ఇంకెవరో తప్పు దారిలో వెతుకుతారు. మీ సార్‌కి ఈ మాట అర్థమవుతుంది.

కొత్త జాబితా తయారయ్యాక, అది ఆశా కార్యకర్తకు ఇవ్వకముందు, అందులోంచి పదిమందిని, అందులో లేనివాళ్ళలోంచి పదిమందిని తీసి, ఆసుపత్రికి వెళ్ళి కేస్ షీట్లతో మీరే సరిచూడండి. ఆ ఇరవై మందిలో ఫోన్ చేసిన కొబ్బరితోట ఆయన ఒకరు కావాలి. పాత జాబితాలో ఆయన పేరు దగ్గర నిజానికి ఎవరుండాలో వెతికి, ఆ మనిషి నంబరు కూడా అందులో చేర్చండి.